నాయకుల పేర్లు తప్పు లేకుండా రాయడం ఎలాగ, ఎవరైనా తప్పు రాస్తే అందులో ఏముందో కనిపెట్టడం ఎలాగ

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం, జయపురం వైపు ఉండే తెలుగోళ్ళకి ఆంధ్రా వాళ్ళకి లేని ఒక తలనొప్పి ఉంది, ఏటంటే ఒకే నాయకుడి పేరు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మూడు లిపుల్లో కనబడుద్ది. గోడమీద ఒడియాలో ఒకలాగ, తెలుగు పేపర్ ఒడిశా పేజీలో ఇంకోలాగ, ఫోన్‌లో ఇంగ్లీషులో మరోలాగ. మైకులో ఎనౌన్స్ చేసేవాడు నాలుగో రకంగా పలుకుతాడు. ఆ తర్వాత మనోడెవడో పూజా కమిటీ ఆహ్వానమో, వినతిపత్రమో, ఫ్లెక్సీ మేటరో రాసి తెస్తాడు, అందులో ఐదో రకం. నేను డీటీపీ పని చేసుకునేవాడిని కాబట్టి ఈ ఐదు రకాలూ నా టేబుల్ మీదకే వస్తాయి, అందుకే పని తెలిసినంత వరకు రాస్తున్నా, స్కూల్ ఫంక్షన్ యాంకరింగ్ చేసేవాళ్ళకి, వాట్సాప్ గ్రూపులో వార్తలు పెట్టేవాళ్ళకి, అర్జీలు రాసిపెట్టేవాళ్ళకి ఇది పనికొస్తది.

ముందు ఒకటి తేల్చుకోండి. పేరు విషయంలో రైటు అంటే వ్యాకరణం చెప్పింది కాదు, మీ చెవికి వినబడింది కాదు, ఆ మనిషి ఎలా రాసుకుంటే అదే రైటు. ఇది వినడానికి సింపుల్‌గానే ఉంటది గానీ చదువుకున్నోళ్ళే ఇక్కడ ఎక్కువ తప్పు చేస్తారు. బిజూ పట్నాయక్ అసలు పేరు బిజయానంద పట్నాయక్. మన తెలుగు మాస్టారెవరైనా దాన్ని చూస్తే చెయ్యి ఆగదు, విజయానంద అని దిద్దీస్తారు. దిద్దకూడదు. అదే ఇంట్లో కొడుకు నవీన్ పట్నాయక్, 2000 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రిగా చేసినాయన, ఇంగ్లీషులో రాసుకునేది వి తోటి. ఒడియాలో రాస్తే తండ్రి పేరులోనూ కొడుకు పేరులోనూ ఉండేది ఒకటే అక్షరం, మన బ. ఒడియా వాళ్ళ నోట్లో వ అనేది విడిగా రాదు, నబీన అనే అంటారు. అయినా తెలుగులో రాసేటప్పుడు తండ్రి బిజయానంద, కొడుకు నవీన్, ఎందుకంటే వాళ్ళు అలాగే రాసుకున్నారు, దేశమంతా అలాగే తెలుసు. ఒక ఇంట్లో రెండు పద్ధతులేటి అని మనం రూలు పెట్టలేం.

ఆ పట్నాయక్ అనేదాన్ని కూడా చూడండి. ఒడియాలో అందరికీ ఒకటే, పట్టనాయక. ఇంగ్లీషుకి వచ్చేసరికి నవీన్ గారికి ఒక టి, పూరీ ఇసుక శిల్పాల సుదర్శన్ పట్నాయక్ గారికి రెండు టీలు. ఇంకొందరు మధ్యలో ఏ పెట్టి పూర్తిగా పట్టనాయక్ అని రాసుకుంటారు. ఇంగ్లీషు ఇన్విటేషన్ వేసేటప్పుడు ఒకరి స్పెల్లింగ్ తెచ్చి ఇంకొకరికి పెట్టకండి, తెలుగులో అయితే ఈ గొడవ లేదు, పట్నాయక్ అంటే సరిపోద్ది.

ఇప్పుడు అసలు గొయ్యి ఇంగ్లీషు. తెలుగు పేపర్లలో ఒడిశా పేర్లు తప్పు రావడానికి నాకు తెలిసి పెద్ద కారణం ఇదే, ఒడియా పేరు నేరుగా తెలుగులోకి రాదు, ఇంగ్లీషు మీంచి చుట్టు తిరిగి వస్తది, అక్కడ వత్తులు, దీర్ఘాలు, ట త తేడాలు అన్నీ రాలిపోతాయి. ఉపముఖ్యమంత్రి ప్రభాతీ పరిడా గారి పేరు తీసుకోండి. ఒడియాలో స్పష్టంగా భ ఉంది, త కి దీర్ఘం ఉంది. ఇంగ్లీషులో ఆవిడ పేరు వి తోటి రాస్తారు, దాన్ని చూసి మనోళ్ళు ప్రవతి అని, పరిద అని, ఇష్టం వచ్చినట్టు రాసీసారు. ఒడియా, బెంగాలీ వాళ్ళు భ కి బదులు ఇంగ్లీషులో వి పెట్టడం మామూలే, బెంగాల్ శుభేందు అధికారి పేరు కూడా అలాంటిదే, తెలుగులో సువేందు అయి కూర్చుంది. కాబట్టి ఒడియా పేరులో ఇంగ్లీషు వి కనబడితే అది బ అవ్వొచ్చు, భ అవ్వొచ్చు, వ అవ్వొచ్చు, మూడూ ఆలోచించాలి.

ఇంకో గొయ్యి శ ష స. ఒడియాలో మూడూ రాతలో ఉంటాయి గానీ నోట్లో ఒకటే స. అందుకే భువనేశ్వర్‌లో సహీద్ నగర్ అని ఇంగ్లీషు బోర్డు ఉంటది, కోరాపుట్ మెడికల్ కాలేజీ పేరు కూడా ఇంగ్లీషులో అలాగే స తోటే మొదలవుద్ది. అది తప్పు కాదు, వాళ్ళ అధికారిక స్పెల్లింగే అది. కానీ ఆ కాలేజీకి పెట్టిన మనిషి పేరు తెలుగులో రాసేటప్పుడు షహీద్ లక్ష్మణ్ నాయక్ అని రాయాలి. ఇక్కడే లక్ష్మణ్ అనేదాన్ని ఇంగ్లీషులో ఎక్స్ పెట్టి రాస్తారు కదా, మిషన్ ట్రాన్స్‌లేషన్ దాన్ని లాక్స్‌మన్ చేసిన మేటర్లు కూడా నా దగ్గరకొస్తాయి. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఉరి తీసిన మనిషి ఆయన, టెంటులిగుమ్మ ఆదివాసీ, ఆయన వర్ధంతి ఫ్లెక్సీ మీద లాక్స్‌మన్ అని ఉంటే చూసేవాళ్ళకి ఎలాగుంటదో ఆలోచించండి. నాయక్ అని చూసి ఆయన లంబాడీ అనుకునే తెలుగోళ్ళు కూడా ఉన్నారు, తెలంగాణ అలవాటు అది, ఇక్కడ చెల్లదు.

ఋ గురించి ఒక్క ముక్క. ఒడియా వాళ్ళు రు అని పలుకుతారు, ఇంగ్లీషులో కూడా యు పెడతారు, పర్లాకిమిడి మహారాజా పేరు అలాగే రాస్తారు. తెలుగులో క్రుష్ణ అని దించకూడదు, కృష్ణచంద్ర గజపతి నారాయణ దేవ్ అనే రాయాలి. చివర్న ఉండే దేవ్ ఇంగ్లీషులో డి ఇ ఓ, దాన్ని డియో అని చదివి డియో అనే రాసి తెస్తారు కొందరు. స్కూటర్ కాదు బాబూ ఆయన 1937లో ఒడిశాకి మొట్టమొదటి ప్రధానమంత్రి, అప్పట్లో ఆ పదవిని అలాగే అనేవారు, గజపతి జిల్లాకి ఆ పేరు ఈయన వల్లే వచ్చింది.

మరి త, ట, ద, డ సంగతి మన సొంత రోగం. మోదీ, మోడీ గొడవ అందరికీ తెలిసిందే. గుజరాతీలో, హిందీలో ఉన్నది ద. మనం ఇంగ్లీషు డి చూడగానే డ అని చదువుతాం, ఎందుకంటే మన తెలుగోళ్ళు, మిగతా దక్షిణాది వాళ్ళు ఇంగ్లీషులో రాస్తే ద కి, త కి పక్కన హెచ్ పెడుతుంటారు, ఉత్తరాది వాళ్ళు మామూలుగా పెట్టరు. దీనికి రివర్స్ కూడా జరుగుద్ది, దాన్ని ఆంధ్రాలో ఉండేవాళ్ళు చూసి ఉండరు. మనం సునీత అని ఇంగ్లీషులో టి హెచ్ పెట్టి రాస్తే ఒడియా గుమస్తా దాన్ని సునిథా అని రిజిస్టర్‌లో ఎక్కిస్తాడు. ఆయన తప్పు ఏటీ లేదు, హెచ్ ఉంది కాబట్టి వత్తు పెట్టాడు. నాయుడు కూడా అంతే, ఇంగ్లీషు మీంచి వెళ్ళి ఒడియాలో నాఇడు అయిపోద్ది. ఇంటిపేరు ముందు పెట్టే మన అలవాటు వల్ల శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు పేరులో కింజరాపు అనేదే ఆయన పేరనుకుని కింజరాపు గారు వస్తున్నారు అంటారు ఇటు కొందరు. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి పేరు ఇప్పటికీ సగం మందికి తెలీదు, వరాహగిరి ఇంటిపేరు, వెంకట గిరి పేరు, దాన్ని వరహగిరి అని దీర్ఘం తీసీకండి.

ఇదంతా చెవి, లిపి తెచ్చే తప్పులు. వీటితో పాటు బుర్ర తెచ్చే తప్పు ఒకటుంది, అది లిపి నేర్చుకున్నా పోదు. 2024 జూన్ 12న ఒడిశా ముఖ్యమంత్రిగా మోహన్ చరణ్ మాఝీ ప్రమాణం చేశారు. సున్నా లేదు, మాఝీ. సరిగ్గా అంతకు మూడు రోజుల ముందు, 9న, బిహార్ జీతన్ రాం మాంఝీ కేంద్రమంత్రి అయ్యారు. ఆయనకి సున్నా ఉంది. ఒకే వారంలో ఇద్దరూ వార్తల్లో, ఇద్దరూ రాజకీయ నాయకులు, శబ్దం దగ్గర దగ్గర, పైగా మాంఝీ అనేది మనకి ముందు నుంచి విన్న పేరు. ఇంకేముంది, కొత్తాయన నెత్తిన కూడా సున్నా పెట్టీసారు. 2016లో అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్ళు తెలిసిన మనుషుల పేర్లు ఎందుకు తారుమారు చేస్తామని చూస్తే తేలిందీ ఇదే, ఒకే గుంపులో మనుషులు, పేర్ల శబ్దం దగ్గరగా ఉంటే బుర్ర ఒకటి తియ్యబోయి ఇంకోటి తీస్తది. ఇంట్లో అమ్మమ్మ మన పేరు పిలవబోయి ముందు మావయ్య పేరు, తర్వాత తమ్ముడి పేరు పిలిచినట్టే.

తెలిసిన స్పెల్లింగ్ ఎంత గట్టిగా లాగుతుందో గూగుల్ వాళ్ళు ఒకప్పుడు బయటపెట్టిన లిస్టులో బాగా కనబడుద్ది. పాటగత్తె బ్రిట్నీ స్పియర్స్ పేరు మూడు నెలల్లో జనం ఎన్ని రకాలుగా వెతికారో లెక్కేసారు. రైటుగా కొట్టినోళ్ళు 4,88,941 మంది, తప్పుల్లో అన్నిటికంటే పైన ఉన్నది 40,134 మంది కొట్టిన స్పెల్లింగ్, అది అక్కడ ఆడపిల్లలకి మామూలుగా పెట్టుకునే పేరు స్పెల్లింగే. జనం పిచ్చిపిచ్చిగా తప్పు చెయ్యరు, తెలిసినదాని వైపు జారి తప్పు చేస్తారు. ఫోన్ కీబోర్డు కూడా అంతే, ధర్మేంద్ర ప్రధాన్ అని కొడుతుంటే ప్రధాని అని సజెషన్ ఇచ్చిందనుకోండి, చూసుకోకుండా పంపితే ఆయనకి ప్రమోషన్ వచ్చినట్టే.

సరే, ఎలా చెక్ చేసుకోవాలి. గూగుల్‌లో తెలుగులో కొట్టి ఎక్కువ రిజల్ట్స్ వచ్చిందే రైటు అనుకోవడం అందరూ చేసే పని, అది ఒద్దు, పేపర్లు ఒకదాన్ని చూసి ఒకటి రాస్తాయి, తప్పే ఎక్కువసార్లు ఉండొచ్చు. ముందు ఆ మనిషి సొంతంగా రాసుకున్నది చూడండి. ఎన్నికల్లో నిలబడిన ఎవరిదైనా అఫిడవిట్ ఎన్నికల సంఘం సైట్‌లో ఉంటది, అందులో పేరు, సంతకం రెండూ ఉంటాయి. ఎంపీ అయితే పార్లమెంటు సైట్‌లో ఇంగ్లీషు, హిందీ రెండింట్లో ఉంటది, హిందీ చూస్తే త, ట, ద, డ అనుమానం అక్కడే తీరిపోద్ది. ఒడిశా నాయకులైతే వికీపీడియాలో ఇంగ్లీషు పేజీ తెరిచి పక్కన భాషల లిస్టులోంచి ఒడియా పేజీకి వెళ్ళి మొదటి లైను చూడండి. ఒడియా చదవడం రాకపోయినా పర్లేదు, అక్షరముఖ అని ఒక ఉచిత సైట్ ఉంది, ఒడియా లిపి పేస్ట్ చేస్తే తెలుగు లిపిలోకి అక్షరానికి అక్షరం మార్చి ఇస్తది. ఒడియా వర్ణమాల, మన వర్ణమాల ఒకటే వరస, కంప్యూటర్ యూనికోడ్‌లో కూడా రెండింటినీ ఒకే వరసలో పేర్చారు, అందుకే ఆ మార్పిడి అంత శుభ్రంగా వస్తది. వచ్చినదాన్ని యథాతథంగా దించకుండా ఒక్కసారి చూసుకోవాలి, నబీన వస్తది, దాన్ని మనం నవీన్ గానే ఉంచుతాం, ప్రభాతీ వస్తది, దాన్ని తీసుకుంటాం. తెలుగులో బాగా స్థిరపడిన పేరైతే స్థిరపడినట్టే రాయడం, కొత్త పేరైతే ఒడియా రాత ప్రకారం వెళ్ళడం, నా పద్ధతి ఇది. జుయెల్ ఓరాం గారి పేరు తెలుగులో ఇంకా ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తున్నారు, అలాంటి చోట ఒడియా చూసుకోవడమే మేలు.

ప్రెస్ వాళ్ళకి, నాలాంటి వాళ్ళకి మాత్రమే ఒక పేరా, మిగతావాళ్ళు దాటేయొచ్చు. పేరు కస్టమర్ రైటుగా పంపినా మన దగ్గర పాడవుద్ది. వాట్సాప్‌లో వచ్చే మేటర్ యూనికోడ్, మనం తెలుగుకి అను ఫాంట్లు, ఒడియాకి అకృతి వాడుతుంటాం, కన్వర్ట్ చేసేటప్పుడు ముందు పోయేవి వత్తులు. ఝ, ళ, ణ ఉన్న పేర్లని కన్వర్ట్ అయ్యాక కళ్ళతో మళ్ళీ చూడాలి. ఫోటోషాప్‌లో నేరుగా యూనికోడ్ పేస్ట్ చేస్తే కృష్ణ లో ణ వత్తు విడిపోయి పక్కన నిలబడుద్ది, టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఆన్ చేస్తే సరవుద్ది. ఇది చెయ్యకుండా ఫాంటు మీద కోప్పడి లాభం లేదు.

తప్పు చదవడం ఎలాగ

రాయడం అయ్యింది, ఇంక చదవడం. ఎవరో నాయకుడి పేరు తప్పు రాసారు, వెంటనే గ్రూపులో యుద్ధం, కావాలనే రాసారని ఒకళ్ళు, చదువు లేదని ఒకళ్ళు. ఆగి చూస్తే చాలావరకు పైన చెప్పిన కారణాలే ఉంటాయి. మోడీ అని రాసినోడు వ్యతిరేకి అని, మోదీ అని రాసినోడు అభిమాని అని తీర్పు చెప్పేవాళ్ళని చూస్తుంటా, వీరాభిమానులే డ తోటి ఫ్లెక్సీలు వేయించుకుంటారు మహాప్రభో. ఒక్క అక్షరం మీద మనిషి మనసు చెప్పలేం. 2011 మేలో ఒసామా బిన్ లాడెన్ చనిపోయిన రాత్రి అమెరికాలో ఒక టీవీ ఛానెల్ స్క్రీన్ మీద ఒసామా బదులు ఒబామా అని పడింది. అదెంత ఘోరంగా కనబడినా హడావిడిలో ఒక అక్షరం మారడమే, రెండు పేర్లూ అదే వార్తలో పక్కపక్కన ఉన్నాయి.

అయితే తప్పు ఎప్పుడూ అమాయకమే అని కూడా నేను అనను. నేను చూసేది ఇది. అదే కాయితంలో మిగతా పేర్లు ఎలా ఉన్నాయి. మొత్తం పన్నెండు పేర్లలో ఎనిమిది తప్పుంటే రాసినోడికి రాయడం రాదు, అంతే. పదకొండు రైటుగా, ఇంటిపేర్లతో, డిగ్రీలతో సహా ఉండి ఒక్క పేరే వంకరగా ఉంటే, ఆ ఒక్కరు ఎవరో చూడాలి. చాలాసార్లు ఆ ఒక్కరు ఆడవాళ్ళో, ఆదివాసీ ప్రతినిధో అయి ఉంటారు. పగతో కాదు, వాళ్ళ పేరు ఎవరినీ అడగాల్సినంత పని ఉందని రాసినోడికి తోచలేదు. స్పాన్సర్ పేరులో దీర్ఘం తగ్గితే రాత్రి పదింటికి ఫోన్ చేసి ప్రింట్ ఆపించేవాడు, సర్పంచ్ గారి పేరు కొట్టమన్నప్పుడు మాత్రం ఏదో ఒకటి కొట్టండి ఆవిడకేం తెలుస్తది అంటాడు. ఆ మాటలో ఉంది అంతా.

ఆదివాసీ పేర్ల సంగతి కొంచెం ఎక్కువే చెప్పాలి, మన రాయగడ, కోరాపుట్, గజపతి జిల్లాల్లో ఉంటూ ఇది దాటేస్తే ఎలాగ. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము తన పేరు గురించి తనే ఒక ఒడియా పత్రిక ఇంటర్వ్యూలో చెప్పారు. ఇంట్లో పెట్టిన సంతాలీ పేరు పుటి. ద్రౌపది అనేది స్కూల్లో, వేరే జిల్లా నుంచి వచ్చిన టీచరు పెట్టిన పేరు. ఆ తర్వాత కూడా అది కుదురుగా లేదు, దుర్పది అని, దొర్ప్‌ది అని మారుతూ వచ్చింది. సంతాలుల్లో పేరు చచ్చిపోదట, ఆడపిల్ల పుడితే నాయనమ్మ పేరు, మగపిల్లాడికి తాత పేరు వస్తదని కూడా ఆవిడే చెప్పారు. అంటే టీచరు ఒక పిల్ల పేరు మార్చినప్పుడు నాయనమ్మ పేరు కూడా రిజిస్టర్లోంచి పోయినట్టే కదా. ఇవాళ ఇంగ్లీషులో ఆవిడ అధికారిక స్పెల్లింగ్ చూడండి, డి ఆర్ తర్వాత ఓ యు. మనకి అలవాటైన ఏ యు కాదు. చాలామంది అది తప్పనుకుని దిద్దీస్తారు, మహాభారతం స్పెల్లింగ్ ఇది కాదు కదా అని. రాష్ట్రపతి భవన్ రాసేది ఓ యు తోటే, మనం దిద్దడానికి వీల్లేదు. ఇప్పటికే ఆ పేరుని చాలామంది దిద్దారు.

మనదగ్గర సవర వాళ్ళ పేర్లూ ఇంతే. 1999లో ఒడిశా ముఖ్యమంత్రిగా చేసిన గిరిధర్ గమాంగ్, గుణుపురం వైపు మనిషి, ఆయన ఇంటిపేరు గమాంగ్, గొమాంగో, గమాంగో అని ఎవరికి తోచినట్టు వాళ్ళు రాస్తారు. ఒక ముఖ్యమంత్రి పేరుకే ఇలాగుంటే ఆ ఊళ్ళో మామూలు మనిషి పేరు రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి, పట్టాలో ఒకటి ఉంటే ఆశ్చర్యమేటి. నాయకుడి పేరు తప్పయితే ఒక ఫోన్ కాల్‌తో సరవుద్ది, మామూలోడి పేరు తప్పయితే నోటరీ, అఫిడవిట్, నాలుగు ఆఫీసుల చుట్టూ తిరుగుడు, తప్పు చేసినోడు మాత్రం కుర్చీలోంచి కదలడు. సవరల భాష నేర్చుకుని, వాళ్ళ పదాలకి డిక్షనరీ చేసిన గిడుగు వారు పని చేసింది పర్లాకిమిడిలోనే. ఆయన పేరు రామమూర్తి, మనం రామ్మూర్తి అని రాస్తాం. ఈ ఒక్క తప్పుని నేను దిద్దను, జనం పలికినట్టే రాయాలని జీవితమంతా పోట్లాడిన మనిషి పేరుని జనం పలికినట్టు రాస్తే ఆయన ఏటీ అనుకోరు అని నా నమ్మకం, కాకపోతే ఆగస్టు 29న పెట్టే బ్యానర్ మీద మాత్రం పూర్తి పేరు వేస్తా.

కావాలని చేసే తప్పుకి గుర్తులు వేరేగా ఉంటాయి. ఊరికే తప్పు పోయినప్పుడు పేరు అర్థం లేకుండా పోతది, కావాలని చేసినప్పుడు ఆ తప్పుకి ఒక అర్థం వస్తది, తిట్టో, జంతువో, వంటకమో ఏదో ఒకటి. గారు పోయి గాడు వస్తది. చెప్పాక కూడా మారదు. 2020 అక్టోబరులో అమెరికా జార్జియాలో ఎన్నికల సభలో డేవిడ్ పెర్డ్యూ అనే సెనేటర్ కమలా హారిస్ పేరుని రకరకాలుగా మెలితిప్పి పలికాడు, తర్వాత ఆయన తరఫు వాళ్ళు నోరు తిరక్క పొరపాటు పడ్డారన్నారు. కానీ ఇద్దరూ ఏళ్ళ తరబడి ఒకే సెనేట్‌లో కూర్చున్నోళ్ళు. పైగా కమల, మన ఏ సందులో పిలిచినా ముగ్గురు పలికే పేరు, దానికి నోరు తిరక్కపోవడమేటి. ఎన్నాళ్ళుగా తెలుసు, ఎన్నిసార్లు రైటు విన్నాడు అనేది లెక్కలోకి తీసుకుంటే ఇలాంటివి తొందరగా తేలిపోతాయి.

ఇంకో రకం ఉంది, దీన్ని వెటకారం అనుకుని మోసపోతారు. సోషల్ మీడియాలో నాయకుడి పేరు మధ్యలో చుక్కలు, స్టార్లు, అంకెలు పెట్టి రాస్తుంటారు చూడండి. అది చాలావరకు భయం. పేరు మామూలుగా కొడితే సెర్చ్‌లో దొరికిపోద్ది, ఆయన అభిమానులు గుంపుగా వచ్చి పడతారు, లేకపోతే ఎవరో స్క్రీన్‌షాట్ తీసి స్టేషన్‌కి పంపుతారు. పోస్టు మిగతా భాష మర్యాదగా ఉండి పేరు మాత్రం ముక్కలుగా ఉంటే అది తిట్టడానికి కాదు, తప్పించుకోడానికి.

నాయకులే స్పెల్లింగ్ మార్చుకునే సందర్భం కూడా మర్చిపోకండి. జయలలిత 2001లో న్యూమరాలజీ ప్రకారం ఇంగ్లీషు పేరు చివర ఇంకో ఏ తగిలించుకున్నారు. కర్ణాటక యడియూరప్ప 2007లో స్పెల్లింగ్‌లో ఇంకో డి చేర్చారు, 2019లో మళ్ళీ పాతదానికే వచ్చేసారు. పాత కాయితం మీద పాత స్పెల్లింగ్ ఉంటే తప్పు కాదు, తారీఖు చూడాలి. మన రాష్ట్రం పేరే చూడండి, ఇంగ్లీషులో ఒరిస్సా పోయి ఒడిశా అయ్యింది 2011 నవంబరు 1 నుంచి. అంతకు ముందు సర్టిఫికెట్‌లో ఒరిస్సా ఉంటే దిద్దమని తిరగకండి. కటక్‌లో హైకోర్టు ఇప్పటికీ ఇంగ్లీషులో ఒరిస్సా హైకోర్టే, దాన్ని కూడా సరిచేసి పెట్టే అతి తెలివి ఒద్దు, వకీలు నవ్వుతాడు. యుక్రెయిన్ జెలెన్‌స్కీ పేరు చివర ఇంగ్లీషులో రెండు వై లు పెడితే అది ఆయన పాస్‌పోర్టు స్పెల్లింగ్, రష్యా భాష మీంచి తీసుకుంటే ఇంకోలాగ వస్తది, అక్కడ స్పెల్లింగ్‌ని బట్టి నువ్వు ఎటువైపు అని అడిగేవాళ్ళూ ఉన్నారు.

తప్పు కనబడితే చెప్పడం ఎలాగ అనేది చాలామందికి రాదు. గ్రూపులో అందరి ముందూ చెప్పకండి, చెప్తే మనోడు తప్పు ఒప్పుకోవడం మానేసి తప్పుకి కారణాలు వెతుకుతాడు. విడిగా మెసేజ్ చెయ్యండి, తప్పు ఎత్తి చూపకుండా రైటు పేరు ఒక్కటే కాపీ చేసుకునేలాగ పంపండి. ఒడియా పెద్దాయన మన తెలుగు పేరు తప్పు రాసారనుకోండి, భాయినా (అన్నా) ఇక్కడ వత్తు ఒద్దు ఆజ్ఞా (అండీ) అంటే ఎవరూ ఏటీ అనుకోరు, మనం వాళ్ళ పేరు తప్పు రాసినప్పుడు వాళ్ళూ అంతే మెల్లగా చెప్తారు. ఫ్లెక్సీ కట్టేసాక తెలిస్తే మొత్తం దింపక్కర్లేదు, ఆ ఒక్క పేరు అదే రంగు బ్యాక్‌గ్రౌండ్‌తో స్టిక్కర్ మీద ప్రింట్ తీసి పైన అంటిస్తే దూరానికి తెలీదు, వాన వస్తే మాత్రం మూల లేస్తది.

ఇక అన్నిటికంటే ఇబ్బంది, నాయకుడి మనుషులే రెండు రకాలుగా పంపడం. పీఏ ఒక స్పెల్లింగ్ పంపుతాడు, యూత్ లీడర్ ఇంకోటి పంపుతాడు, ఇద్దరూ నాదే రైటు అంటారు. అప్పుడు లెటర్‌హెడ్ ఫోటో అడగండి, దాని మీద ఉన్నదే వెయ్యండి. వేసే ముందు ప్రూఫ్ వాట్సాప్‌లో పంపి ఓకే అని రాయించుకోండి, ఫోన్‌లో నోటిమాటగా చెప్తే ఒప్పుకోవద్దు, థంబ్స్ అప్ బొమ్మ పెట్టినా చాలదు, పేరు వాళ్ళ చేత్తో టైప్ చేసి పంపమనండి. ఆ మెసేజ్ డిలీట్ చెయ్యకుండా ప్రోగ్రాం అయ్యి బిల్లు చేతికొచ్చే దాకా ఉంచుకోండి.